ఒంటిచక్రం ఒట్టు

సకల జనుల సమ్మె మొదలై పది రోజులైంది. ఆర్టీసీ బస్సులు డిపోల్లోనే పడుకున్నాయి. ఆటోలు ఒకరోజు తిరిగితే రెండు రోజులు తిరగవు. కొత్తగూడ చౌరస్తా పక్కన మా సాఫ్ట్‌వేర్ కంపెనీకి రోజూ ఆరు వందల కార్లు వచ్చేవి, ఇప్పుడు అరవై వస్తే గొప్ప. గేటు దగ్గర నిలబడి వాటికి సెల్యూట్ కొట్టడమే నా ఉద్యోగం కాబట్టి, పన్నెండేళ్ళ తర్వాత నా కుడిచేతికి కాస్త విశ్రాంతి దొరికింది. ఆ చెయ్యి ఎంత అలవాటు పడిందంటే, నేను నిద్రలో ఉన్నా వీధిలో హారన్ మోగితే చాలు, తనంతట తాను లేచేది. అబద్ధమంటుంది నా భార్య చంద్రమ్మ. పక్కన పడుకునేది ఆమే కనుక మోచేతి దెబ్బ ఆమెకే తగిలేది. అయినా ఒప్పుకోదు.

చంద్రమ్మ అదే బిల్డింగులో హౌస్ కీపింగ్. ఇద్దరం మెదక్ జిల్లా నుంచి బతకడానికి వచ్చినవాళ్ళం. నేను గేటు కాస్తాను, ఆమె నేల తుడుస్తుంది. నేను చెప్పే కథల్ని కూడా ఆమే తుడిచేస్తుంది.

ఆ రోజు పొద్దున ప్రియదర్శిని మేడం హాస్టల్ నుంచి నడుచుకుంటూ వచ్చింది. మూడో అంతస్తులో ప్రోగ్రాములు రాసే పిల్ల, కాకినాడ వైపు. చంకలో ఒక వింత వస్తువు ఉంది. ఒకే ఒక్క చక్రం, దాని మీద ఒక కడ్డీ, కడ్డీ మీద సీటు. హ్యాండిల్ లేదు, బ్రేకు లేదు, గంట లేదు.

"ఇదేంది బిడ్డా, మిగిలిన సగం ఎవడన్న ఎత్కపోయిండా?"

"యూనిసైకిల్ తాతగారూ. ఇంతే ఉంటుందండి. కొని నెలైంది, పడ్డం తప్ప ఏమీ రాలేదు. సెల్లార్ ఖాళీగా ఉంది కదా, లంచ్ టైములో నేర్చుకుందామని తెచ్చాను."

గేటు పక్కనే ఓంకార్ చాయ్ బండి. అక్కడ ఓంకార్ ఉన్నాడు, చంద్రమ్మ ఉంది, ఆమెతో పనిచేసే వసంత ఉంది. చేతిలో చాయ్, ఎదురుగా నలుగురు మనుషులు. ఇక నా నాలుక ఆగుతుందా?

"గిది మాకు కొత్తనా? నాకు పన్నెండేండ్లప్పుడు జోగిపేట అంగడికి పోతుంటే మా ఎడ్లబండి చక్రం ఒకటి ఊడిపోయింది. అంగడి యాళ్ళయితున్నది. ఏం జెయ్యాలె? ఊడిన చక్రాన్ని నిలబెట్టి, దాని నడిమిట్ల ఒక కట్టె దూర్చి, దానిమీద కాళ్ళు పెట్టి ఎక్కిన. ఎనిమిది మైళ్ళు. యాడ దిగలే."

"మరి ఎడ్లేం జేసినయ్ కాకా?" అన్నాడు ఓంకార్.

"ఏం జేస్తయ్, నా ఎన్కనే ఉరికొచ్చినయ్. పాపం అలిసిపోతే అంగట్ల చెరొక సోడా తాపిన."

అందరూ పగలబడి నవ్వారు, ప్రియదర్శిని తప్ప. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, "నిజంగానా తాతగారూ! అయితే మీరే నాకు నేర్పాలండి!" అంది.

నా యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో నా కథను పూర్తిగా నమ్మిన మొదటి మనిషి ఆమె. అక్కడే నా కొంప మునిగింది.

చంద్రమ్మ కొంగు నడుముకు చెక్కి ముందుకొచ్చింది. "పిల్లకే ఎందుకు, మాకందరికీ సూపియ్యి. సద్దుల బతుకమ్మ నాడు చౌరస్తల వంటావార్పు ఉన్నది గద. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండుతరు, అందరు ఆడనే తింటరు. ఆ పొయ్యిల కాడికెళ్ళి పోలీసోళ్ళ బారికేడు దాక తొక్కు. ముప్పై అడుగులుంటది. తొక్కినవంటే, నువ్వు సచ్చేదాక ఏ కథ చెప్పినా నేను ఎదురు మాట్లాడ."

"పడ్తే?"

"పడ్తే తెలంగాణ వచ్చేదాక ఒక్క కథ చెప్పొద్దు. ఒట్టెయ్యి."

ఆ రోజుల్లో అలాంటి ఒట్లు చాలామంది వేసుకున్నారు. తెలంగాణ వచ్చేదాకా గడ్డం గీసుకోనని ఓంకార్ ఒట్టేసుకుంటే, ఆ గడ్డం చొక్కా రెండో గుండీ దాటి మూడోదాన్ని వెతుక్కుంటోంది. వసంత చాయ్‌లో చక్కెర మానేసింది. చక్కెర లేకుండా మనిషి బతుకుతాడు. గేటు దగ్గర రోజుకు పన్నెండు గంటలు నోరు మూసుకుని ఎలా బతుకుతాడు? కార్లలో పోయేవాళ్ళకు నా మీసం తెలుసు, సెల్యూట్ తెలుసు. కారు అద్దం దించి "పెంటయ్యా" అని పేరు పెట్టి పిలిచిన ప్రతి మనిషీ ఏదో ఒక కథ కోసం ఆగినవాడే. కథ లేకపోతే నేనూ ఆ గేటు పక్కనున్న స్తంభమూ ఒకటే. పైగా తెలంగాణ ఎప్పుడొస్తుందో ఢిల్లీలో ఇచ్చేవాళ్ళకే తెలియదు.

కానీ నలుగురిలో వెనక్కి తగ్గితే ఆ క్షణంలోనే నా నోరు మూతపడేది. ఒట్టేశాను. పదకొండు రోజుల గడువు.

మర్నాడు మధ్యాహ్నం తిండి వేళకు సెల్లార్లోకి దిగాం. "ముందు మీరెక్కండి తాతగారూ, చూసి నేర్చుకుంటాను" అంది ప్రియదర్శిని.

"మా దిక్కు ముందు శిష్యులెక్కాలె బిడ్డా. గురువు ఊకె చూస్తడు."

ఆమె స్తంభం పట్టుకుని ఎక్కింది, అర చుట్టు తిప్పింది, దబ్బున దూకింది. ఎలా ఎక్కాలో, ఎటు పడాలో ఆమెను చూసే తెలుసుకున్నాను. గురుదక్షిణ మాత్రం అడగలేదు, అంత మర్యాద నాకుంది.

రెండో రోజు నేనెక్కాను. పట్టుకోవడానికి చంద్రమ్మ తుడుపునీళ్ళ బండిని పక్కన పెట్టుకున్నాను. దానికి కూడా చక్రాలున్నాయన్న సంగతి ఎక్కిన తర్వాత గుర్తొచ్చింది. ఒంటిచక్రం ముందుకు పోయింది, నాలుగు చక్రాలు పక్కకు పోయాయి, నేను మధ్యలో కిందికి పోయాను. బకెట్టెడు ఫినాయిల్ నీళ్ళు నా మీద. తర్వాత వారం దాకా నా చుట్టుపక్కల దోమ అనేది కనిపించలేదు. కంపెనీవాళ్ళు నన్ను అంతస్తుకొక రోజు చొప్పున నిలబెట్టాలనుకున్నారని కూడా విన్నాను.

నాలుగు రోజులు పెడళ్ళు నా కాళ్ళను కొట్టని చోటు లేకుండా కొట్టాయి. గోనెసంచి ముక్కలు కట్టుకుని మళ్ళీ ఎక్కాను. నలభై ఏళ్ళు మామూలు సైకిలు తొక్కిన కాళ్ళు కదా, పెడల్ దొరకగానే దానిమీద లేచి నిలబడేవి. నిలబడగానే చక్రం కింద నుంచి జారిపోయేది.

"తాతగారూ, బరువు కాళ్ళ మీద పెట్టకండి. మొత్తం సీటు మీద కూర్చోండి. కిందికి చూడకండి, ఆ గోడ కేసి చూడండి" అంది ప్రియదర్శిని. అప్పటికే ఆమె ఆరు చుట్లు తిప్పేస్తోంది.

"అదే నీకు రేపు చెప్దామనుకున్న బిడ్డా."

ఆరో రోజు ఆ మాట ప్రకారం కూర్చున్నాను. ఒక చుట్టు, రెండు, మూడు, నాలుగు. చక్రం నా కింద ఉన్నట్టే లేదు. సరిగ్గా అప్పుడే మా బిల్డింగ్ మేనేజరు సోమేశ్వరరావు సారు కారు సెల్లార్లోకి దిగింది. నా కుడిచెయ్యి నన్ను అడగకుండానే నుదుటికి లేచింది. మరుక్షణం నేలమీద ఉన్నాను, చెయ్యి మాత్రం ఇంకా నుదుటి మీదే ఉంది.

సారు అద్దం దించారు. "ఏమయ్యా పెంటయ్యా, కింద పడుకుని సెల్యూట్ ఏంటి?"

"నేల గట్టిగ ఉన్నదో లేదో చూస్తున్న సార్."

ఇదంతా చంద్రమ్మ స్తంభం చాటు నుంచి చూసింది. నా ఆయువుపట్టు ఆమెకు దొరికింది. ఆ రోజు నుంచి నేను చక్రం ఎక్కి రెండు చుట్లు తిప్పేసరికి ఎక్కడి నుంచో "సార్ వచ్చిండు!" అని కేక. చెయ్యి పైకి, నేను కిందికి. లేచి చూస్తే సారూ లేడు, కారూ లేదు. చంద్రమ్మ అమాయకంగా నేల తుడుస్తుంటుంది. రోజుకు ఇరవైసార్లు.

"ఇది అన్యాయమండి మామ్మగారూ!" అంది ప్రియదర్శిని.

"ఒట్టుల న్యాయమేంది బిడ్డా? రోడ్డు మీద సార్లు ఉండరా?"

ఇంటికి పోయాక అదే చంద్రమ్మ నా మోకాళ్ళకు జిందా తిలిస్మాత్ మందు రాసేది. "పగటీలి పడగొట్టి ఇప్పుడు రాస్తవేందే?" అంటే, "ఒట్టు ఒట్టే, మోకాళ్ళు మోకాళ్ళే" అనేది.

తొమ్మిదో రోజుకు మోసపోయి మోసపోయి నా చెయ్యికి విసుగొచ్చింది. పదో రోజు చంద్రమ్మ మూడుసార్లు అరిచింది. నేను ఒక స్తంభం దగ్గర నుంచి మరో స్తంభం దాకా తొక్కుకుంటూ పోయి, ఆ స్తంభాన్ని కావలించుకుని ఆగాను. చంద్రమ్మ తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

సద్దుల బతుకమ్మ రోజు కొత్తగూడ చౌరస్తా పెళ్ళిపందిరిలా ఉంది. నాలుగు పొయ్యిల మీద పెద్ద పెద్ద డేగిషాలు ఉడుకుతున్నాయి. ఆడవాళ్ళు బతుకమ్మలు పేర్చగా మిగిలిన తంగేడు పూలు బారికేడు అవతల నడుమెత్తు కుప్పగా ఉన్నాయి. ప్రియదర్శిని వాళ్ళ మధ్య కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. కళ్ళ నుంచి ధారలు.

"ఏ ఊరు బిడ్డా నీది?" అని ఒకామె అడిగింది.

"కాకినాడండి."

"ఏడ్వకు తల్లీ, తెలంగాణ ఇచ్చినా నువ్వు ఈడ్నే ఉందువు."

"ఉల్లిపాయలండి బాబూ!"

నేను ఒంటిచక్రం తీసుకుని రోడ్డు మీదికి రాగానే, జెండా పట్టుకున్న రామన్న అనే పెద్దమనిషి అడ్డమొచ్చాడు. "ఇయ్యాల బంద్. బండి నడ్వద్దు."

ఓంకార్ గడ్డం సవరించుకున్నాడు. "అన్నా, రెండు చక్రాలకు బంద్ ఉన్నది. మూడింటికి, నాలుగింటికి గూడ ఉన్నది. ఒక్క చక్రానికి బంద్ అని ఎవలు పిలుపిచ్చిన్రు?"

రామన్న వేళ్ళ మీద చక్రాలు లెక్కపెట్టుకున్నాడు. "ఇయ్యలే" అని ఒప్పుకుని పక్కకు జరిగాడు.

ఓంకార్ భుజం ఒకవైపు, ప్రియదర్శిని భుజం ఒకవైపు పట్టుకుని ఎక్కాను. వందమంది చూస్తున్నారు. ఇదే నా ఆఖరి కథ అవుతుందేమో అనుకున్నాను. బరువు సీటు మీద పెట్టి, దూరంగా చూస్తూ, రెండు భుజాలూ వదిలేశాను.

చక్రం కదిలింది. ఆడవాళ్ళు గొంతు కలిపి అడుగులు లెక్కపెడుతున్నారు. తొమ్మిది, పది, పదకొండు. పద్దెనిమిది దగ్గర రోడ్డు మీద చిన్న గుంత. నడుము అటూ ఇటూ ఊగింది, చేతులు గాలిలో ఈదాయి, పడలేదు. ఇరవై. ఇరవై రెండు.

"సార్ వచ్చిండు!"

చంద్రమ్మ గొంతే. లోపల నవ్వుకున్నాను. ఇన్నిసార్లు మోసపోయిన చెయ్యి, కదలనే లేదు. మరో మూడడుగులు పోయాక చూద్దును కదా, బారికేడు సందులో నుంచి చేతిసంచీతో నడిచి వస్తున్నది సాక్షాత్తూ సోమేశ్వరరావు సారు! కారును ఎక్కడో ఆపేసినట్టున్నారు. ఆయన అలవాటు కొద్దీ నా సెల్యూట్ కోసం ఒక క్షణం ఆగారు. నేను రెండు చేతులూ రెక్కల్లా చాపి ఆయన చెవి పక్క నుంచి బారికేడు సందులోకి దూసుకుపోయాను. ముప్పై! జనం అరిచిన అరుపుకు డేగిషా మూత లేచిందంటారు.

గెలిచాను. కానీ అప్పుడు ఒక సంగతి తెలిసింది. ఇన్ని రోజుల్లో నేను ఎక్కడం నేర్చుకున్నాను, పోవడం నేర్చుకున్నాను, దిగడం మాత్రం నేర్చుకోలేదు. సెల్లార్లో అయితే స్తంభాలున్నాయి. ఇక్కడ స్తంభంలా నిలబడి ఉన్నది రాజేందర్ అనే కానిస్టేబుల్ ఒక్కడే. ఆయన మెడ చుట్టూ చేతులేశాను. ఇద్దరం కలిసి తంగేడు కుప్పలో కూలబడ్డాం.

రాజేందర్ టోపీలో నుంచి పూలు దులుపుకున్నాడు. "కాకా, ఇప్పుడు నిన్ను లోపలెయ్యాల్నా, నీ కాళ్ళు మొక్కాల్నా?"

వెనక నుంచి సోమేశ్వరరావు సారు వచ్చారు. "పెంటయ్యా, సెల్యూట్ ఏదయ్యా?"

"చేతులు ఖాళీగ లేకుండె సార్" అని, పూలల్లో కూర్చునే కొట్టాను.

చంద్రమ్మ పరుగెత్తుకొచ్చి నా మోకాళ్ళు తడిమి చూసింది. "నిజంగనే సార్ వచ్చిండని జెప్పిన. నువ్వు నమ్మకపోతివి" అంది. నన్ను పడగొట్టడానికే అరిచిందో, మరెందుకు అరిచిందో ఇప్పటికీ చెప్పదు.

మర్నాడు పొద్దున ఓంకార్ బండి దగ్గరికి పోయాను. రాత్రంతా తయారు చేసుకున్న కథ నోట్లో సిద్ధంగా ఉంది. అప్పటికే బండి చుట్టూ జనం. ఓంకార్ చాయ్ వడపోయడం మానేసి చెబుతున్నాడు.

"కొండాపూర్ దాక పోయిండన్నా! పోలీసు జీపు ఎన్కవడ్డది, అందలే."

"కొండాపూర్ ఏంది, హఫీజ్‌పేట రైలుగేటు దాక" అంది వసంత. "రైలు రోకోల కూసున్నోళ్ళు లేచి దారిచ్చిన్రట."

నా కథలో నేను మాదాపూర్ వరకే పోయాను. అది నాకే చిన్నగా కనిపించింది. ఏం చెయ్యాలో తోచక, నా జన్మలో ఎప్పుడూ చెయ్యని పని చేశాను.

"అంత లేదు ఓంకార్. నలభై ఒక్క అడుగులు. గంతే. మేడం లెక్కపెట్టింది."

అందరూ నన్ను జాలిగా చూశారు. ఒకాయన, "కాకకు తల గిట్ల తాకినట్టున్నది" అన్నాడు.

"ఊకో నువ్వు" అంది చంద్రమ్మ, నా చేతిలో చాయ్ గ్లాసు పెడుతూ. "నలభై ఒకటట! ఆ చక్రంల నుంచి పొగ రాలే? నేను నీళ్ళు గొడ్తే ఆరలే?"

"ఏమే, నేనేం చెప్పినా ఎదురు మాట్లాడనని నువ్వు ఒట్టేసినవ్ గదా?"

"కథ చెప్తే మాట్లాడనన్న. నువ్వు కథ యాడ చెప్తున్నవ్? నువ్వు తొక్కినోనివి, చూసినోళ్ళం మేము. ఎంత దూరం పోయినవో నీకేం ఎరుక? చాయ్ తాగు, సల్లగైతున్నది." అని ఆమె జనం వైపు తిరిగింది. "అగో, రైలుగేటు కాడ ఏమైందంటే..."