జాడీకి చెవి పెట్టి

క్రిస్మస్‌కు ఇంకా పన్నెండు రోజులున్నాయి. వంటింటి మూల నేలమీద చతికిలబడి నాగమణమ్మ ద్రాక్షవైన్ జాడీ పక్కకు తల వంచింది. తలుపు దగ్గర మనవరాలు సుజన ఊపిరి బిగబట్టి నిలబడింది. ఇల్లు ఫలక్‌నుమా స్టేషన్ వెనక సందులో ఉంది. రైలు దాటిపోయేదాకా ఆగి వినడం ఆ ఇంటి అలవాటు.

ఆ ఇంట్లో వైన్‌ను రుచి చూసి తీయరు, విని తీస్తారు. నల్లద్రాక్ష, పంచదార, గుప్పెడు గోధుమలు, దాల్చినచెక్క వేసి జాడీ మూతికి గుడ్డ కడతారు. పది రోజులు కలిపాక ఇక గుడ్డ విప్పకూడదు, గాలి తగిలితే పుల్లబడుతుంది. లోపల ద్రాక్ష పొంగుతున్నన్నాళ్లూ సన్నగా చిటపటలు వినిపిస్తాయి. అవి పూర్తిగా ఆగిననాడే వడగట్టి సీసాలకు పోయాలి. తొందరపడితే ఆ పొంగుకు సీసాలు పగులుతాయి.

నాగమణమ్మకు రెండేళ్లుగా చెవులు మందగించాయి. ఎవరికీ చెప్పలేదు. మొన్నటేడు అలమరలో రెండు సీసాలు పేలితే సీసాలనే తిట్టింది. నిరుడు అనుమానంతో గుడ్డ విప్పి విప్పి చూసేసరికి వైన్ కాస్తా పుల్లబడింది. పండక్కి ఇంటికొచ్చిన పాస్టరమ్మ ఒక గుటక మింగి నవ్వి, గ్లాసు కింద పెట్టేసింది. ఆ నవ్వును నాగమణమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు.

"అమ్మా, ఈసారి కూడ పాడైతే జాడీల చింతకాయ తొక్కు పెడదాం. వైన్ దుకాణంల తెస్త తియ్," అన్నాడు కొడుకు సామ్యూల్. తల్లి చెప్పకపోయినా ఆమె చెవుల సంగతి కనిపెట్టాడేమో, అంటూనే నిన్న సాయంత్రం ఫోన్‌తో నడిచే చెవి మిషన్లు తెచ్చిపెట్టాడు. ఒక్కోటి చిక్కుడు గింజంత ఉంది.

అవి పెట్టుకోగానే ముసలామె గుండెమీద చెయ్యేసుకుంది. "ఓ యేసయ్యా! కుక్కర్ గింత లొల్లి చేస్తదా?" సామ్యూల్ మాట, పక్కింటి టీవీ, సందులో ఆటో హారన్, అన్నీ తిరిగొచ్చాయి. ఊరిబడిలో పదో తరగతి చదివి, ఇంటర్ కోసం మేనమామ ఇంటికి వచ్చిన సుజన ఆ గింజలవైపు రెప్ప వేయకుండా చూసింది. అంత చిన్నదాంట్లో అంత లోకం ఎలా పట్టింది?

ఇప్పుడు జాడీ వంతు. మరీ దగ్గరికి ఆనిస్తే మిషన్ కుయ్యిమంటోంది. నాగమణమ్మ జానెడు ఎడం ఉంచి చాలాసేపు విని లేచింది.

"అయిపోయింది. ఒక్క చప్పుడు లేదు. సీసాలు కడుగు బిడ్డా, పొద్దుగూకేసరికి వడగడదాం."

ఆమె పెరట్లోకి వెళ్లాక సుజన జాడీకి చెవి ఆనించింది. చల్లటి పింగాణీ అవతల, ఎక్కడో దూరాన రేకుల కప్పుమీద చినుకులు మొదలైనట్టు... చిట్, చిట్.

"అమ్మమ్మా, ఇంకా పొంగుతాంది," అంది లోగొంతుతో.

"ముప్పై ఏండ్ల సంది ఇంటున్న. నాకు చెప్తవా? నీ గొంతే సరిగ ఇనబడది, నీకు జాడీ ఇనబడ్డదా?"

సుజన అమ్మమ్మ ఫోన్ తీసి మిషన్ యాప్ తెరిచింది. వెతకగా వెతకగా ఒకచోట, చుట్టూ ఉన్న రొదను తగ్గించే మీట కనబడింది. ఆన్‌లో ఉంది! మిషన్‌కు మనుషుల మాటలే ముఖ్యం. ఆగకుండా వచ్చే సన్నటి చప్పుళ్లను అది పనికిరానివనుకుని మింగేస్తోంది. మీట నొక్కితే ఓటీపీ అడిగింది. యాప్ పెట్టింది మామ, ఓటీపీ వెళ్లేది మామ నంబరుకు. మామ ఉన్నది కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీ లోపల, ఫోన్ ఉన్నది గేటు దగ్గర లాకర్లో. మూడుసార్లు నొక్కింది. మూడుసార్లూ గడువు దాటిపోయింది.

నాలుగున్నరకు నాగమణమ్మ గరాటు, వడగట్టే గుడ్డ పట్టుకొచ్చి కూర్చుంది. సుజన జాడీ గుడ్డ ముడిమీద రెండు చేతులూ వేసింది.

"మామ గేటు దాటేదాక ఆగు అమ్మమ్మా!"

"అబ్బో, గొంతు ఉన్నదే!" ముసలామె ఆశ్చర్యంగా చూసింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఐదు దాటాక సామ్యూల్ ఫోన్ చేశాడు. "ఏందే, గిన్ని ఓటీపీలు? ఎవడన్న నా బ్యాంక్ ఊడ్చిండా?"

"కాదు మామా, వైన్ కోసం."

"వైన్‌కు ఓటీపీ ఏంది?"

"మళ్ల చెప్త. గిప్పుడు ఇంకోటి వస్తది, అది చదువు!"

మామ అంకెలు చదివాడు. మీట పక్కకు జరిగింది. సరిగ్గా అప్పుడే రైలొచ్చింది. నాగమణమ్మ మొహం చిట్లించుకుని ఓర్చుకుంది. రైలు వెళ్లిపోయింది. ఆమె జాడీవైపు వంగింది.

ముందు మొహంలో ముడతలు కదల్లేదు. తర్వాత కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఒక వేలు గాల్లోకి లేచి చిటపటలతో పాటు సన్నగా తాళం వేయసాగింది. కళ్లలో నీళ్లు తిరిగినా తుడుచుకోలేదు. కదిలితే ఆ చప్పుడు పోతుందేమోనన్న భయంలా ఉంది.

"ఉన్నది," అంది గుసగుసగా. "నేనే పోయిన. అది యాడికీ పోలే."

సుజన అవతలివైపు కూర్చుని తన చెవి ఆనించింది. ఆ చీకటి జాడీ లోపల వేల ద్రాక్షలు ఎవరికోసమూ కాకుండా, ఎవరూ చెప్పకుండా పని చేసుకుపోతున్నాయి. అది తలచుకుంటే ఆమె చేతులమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

నాగమణమ్మ గరాటు తీసి పక్కన పెట్టింది. "రేపటి సంది నువ్వు ఇను, నేను ఇంట. ఇద్దరికీ ఒక్క చప్పుడు ఇనబడనినాడే తీద్దాం."