ఒక్క రూపాయి మందారం

పొద్దున లేవగానే ఆవిడ చేసే మొదటి పని గొట్టం విప్పి నర్సరీలో మొక్కలకి నీళ్లు పెట్టడం. మొగుడున్నన్నాళ్లూ అది ఆయన పని. నీళ్లు పెడుతూ నోరు మూసుకునే మనిషి కాదాయన. ఏ మొక్క దగ్గర ఏ మాట ఎక్కువగా అంటే ఆ మొక్క ఆ మాట పట్టేసుకునేది, ఆయన గొంతుతోనే. గులాబీ "ఛీ, మళ్లీ పట్టిందే పేనుబంక!" అని విసుక్కునేది. క్రోటన్ దగ్గేది. కొనేవాళ్లు ఆకులు తిప్పి చూసుకున్నట్టే మాట కూడా విని చూసుకుని మరీ పట్టుకెళ్లేవాళ్లు. ఆవిడ చేత్తో పెరిగినవి మాత్రం మూగమొక్కలు. ఏడుపు దిగమింగుకుంటూ నీళ్లు పెట్టే మనిషికి మాటలెక్కణ్ణించి వస్తాయి?

ఆయన పోయి నాలుగు నెలలైంది. పైగా ఎదురుగా రోడ్డు తవ్వి రేకులు అడ్డం పెట్టడంతో నర్సరీ వైపు వచ్చేవాళ్లే లేరు. "ఇలా ఈగలు తోలుకుంటూ ఎన్నాళ్లు కూర్చుంటావు వదినా? ఆన్‌లైన్‌లో పెడదాం పద," అంటూ ఆడపడుచు లాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగింది.

ఇద్దరూ గుమ్మంలో కూర్చుని ఒక్కో మొక్కా ఎక్కించారు. పేరు, ఎత్తు, ఎండ ఎంత, నీళ్లెన్నిసార్లు, ఏం మాట్లాడుతుంది.

"దగ్గేదానికి ఏం రాయను?"

"దగ్గుతుందనే రాయి. దాచిపెట్టి అమ్మితే రేపు మొహాన కొట్టి పోతారు."

"మా అన్నయ్య చుట్టలు మానలేదు, దీనికి దగ్గు మానదు," అని ఆడపడుచు నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

అన్నీ అయ్యాక డబ్బు సరిగ్గా పడుతోందో లేదో చూడాలంది ఆడపడుచు. "ఏదో ఒక మొక్క ఒక్క రూపాయికి పెట్టు, నేనే కొంటాను. ఎదురుగా ఉన్నదాన్ని ఫోటో తియ్యి." ఎదురుగా గుమ్మం పక్కన ఎర్రమందారం కుండీ ఉంది. నిజానికి అది అమ్మేది కాదు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి "తిన్నావా?" అని అడుగుతుంది. ఈ నాలుగు నెలలూ ఆవిడ నోట్లోకి రెండు ముద్దలు వెళ్లాయంటే అది అడగబట్టే. అయినా ఉత్తుత్తి అమ్మకమే కదా అని ఫోటో తీసి, మాట కూడా రాసి పెట్టింది. ఆడపడుచు నొక్కింది, ఆవిడ ఫోను టింగుమంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో, పెళ్లి సందట్లో పుస్తె కట్టడం మరిచినట్టు, మందారాన్ని ఆన్‌లైన్‌లోంచి తీసెయ్యడం మర్చిపోయారు.

ఆ రాత్రే ఆడపడుచు చుట్టాలందరికీ లింకు పంపింది. మర్నాడు మొదటి ఆర్డరు వచ్చింది. మందారానికే.

"అయ్యో నా బుద్ధి మండా! రూపాయేగా, క్యాన్సిల్ చేసేస్తా," అంటూనే ఆడపడుచు, కొన్నవాళ్ల పేరు చదివి ఆగిపోయింది. వదిన కూతురి పేరు.

కూతురు చదువు మధ్యలో ఆపేసి వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరినప్పుడు తండ్రి కేకలేశాడు. "ఇక నీ గొంతు నాకు వినిపించకు," అని ఫోను పెట్టేసింది పిల్ల. మళ్లీ ఎత్తలేదు. మూడు వారాలకి ఆయన గుండె ఆగింది. పిల్ల వచ్చింది, గోడవారగా నిలబడింది, తల్లితో ఒక్క మాటైనా అనకుండా సాయంత్రానికే వెళ్లిపోయింది. అప్పణ్ణించీ తల్లి ఫోనూ ఎత్తదు.

"అది లేకపోతే నువ్వు తిండి మానేస్తావు వదినా. వేరే మొక్క పంపుదాం."

ఆవిడ మందారం వైపు చూస్తూ కూర్చుంది. ఎన్నడూ పైకి అనని మాట అప్పుడంది. "ఆ మాట నన్నడిగింది కాదమ్మా. ఆ మూడు వారాలూ మీ అన్నయ్య రోజూ భోజనం వేళకి ఓ చేత్తో గొట్టం, ఓ చేత్తో ఫోను పట్టుకుని ఇక్కడే నిలబడేవారు. పిల్ల ఎత్తేది కాదు. ఎత్తని ఫోనులోనే అడిగేవారు. నాకు తెలుసు. తెలిసీ నాదనుకున్నాను. కడుపు నింపుకున్నాను."

మట్టి రాలకుండా కాగితం చుట్టింది. కొమ్మకి పుల్ల ఊతం కట్టి, అట్టపెట్టెకి చిల్లులు పొడిచింది. పెట్టె మూసేముందు ఆకుల్లో మొహం పెట్టి చాలాసేపు ఏడ్చింది. కొరియరు మనిషి రెండుసార్లు బెల్లు కొట్టి, ఆ తర్వాత మెట్టు మీద కూర్చుని ఎదురుచూశాడు.

తర్వాత రెండు రోజులు ఒంటిగంటకి గుమ్మం దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడా ఏమీ తినలేదు. ఆడపడుచు కలిపి పెట్టినా ముద్ద దిగలేదు.

మూడో రోజు ఒంటిగంట దాటి రెండు నిమిషాలకి ఫోను మోగింది. అవతల ఏడుపు తప్ప మాట లేదు. ఏడుపు వెనకాల, దూరంగా, ఆయన గొంతు. "తిన్నావా?"

"తింటున్నా నాన్నా," అంటోంది పిల్ల. "తింటున్నా, తింటున్నా."

ఆవిడ గోడకి చేరగిలబడి వింటూ ఉండిపోయింది. పిల్ల ముక్కు ఎగబీల్చింది.

"అమ్మా. నువ్వు తిన్నావా?"

"లేదే తల్లీ," అంది ఆవిడ. "ఉండు, కంచం తెచ్చుకుంటా. పెట్టెయ్యకు."