పిలిస్తే వినబడనివి

"కండెలు చుట్టేదానికి పాటలతోటి పనేందే?" అంది మా అత్త రాజవ్వ.

అప్పుడు నా చేతిలో రాట్నం తిరుగుతోంది. నేను తలెత్తలేదు. తలెత్తితే దారం తెగుతుంది, దారం తెగితే కండె పాడవుతుంది, కండె పాడైతే లోపల మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే తప్పు నా మీదికి వస్తుంది. ఒక్క మాటకు జవాబు చెప్పాలంటే ఇంత దూరం ఆలోచించాల్సిన ఇంట్లో జవాబులు తక్కువే ఉంటాయి. అయినా ఆ పూట చెప్పాను.

"పనికోసం కాదత్తా. ఇనబుద్ధయితాంది."

ఎనభై ఆరో సంవత్సరం సంగతి ఇది. మరమగ్గాన్ని మా దిక్కు సాంచె అంటారు. వరంగల్లులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచెలుండేవి. మా ఆయన సారంగపాణి వాటి మధ్య నిలబడి నేసేవాడు. నేను షెడ్డు గడపలో కూర్చుని కండెలు చుట్టేదాన్ని. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దారం చుట్టిన కండె లేకపోతే ఎంత పెద్ద సాంచె అయినా ఉత్తగా ఊగే ఇనుమే. అయినా ఎవరైనా వచ్చి ఈ ఇంట్లో నేసేవాళ్లు ఎందరని అడిగితే, ఒక్కరే అని చెప్పేవాళ్లు. నేను పక్కనే కూర్చుని ఉండగానే.

నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది గానీ చెవులు ఆగలేదు. ఆ నాలుగు సాంచెలూ నాకు నలుగురు మనుషుల్లా వినబడేవి. మొదటిది దగ్గుతూ నడిచే ముసలాయన. రెండోదానికి తొందరెక్కువ. మూడోది మంచిదే, కానీ నాడెను కొట్టే తోలు పట్టా వదులైతే టక్కుమనాల్సిన చోట చప్పగా మోగేది. నాలుగోది కొత్త కోడలు, చేతులు దించకుండా పనిచేసేది. "మూడో దాని పట్టా ఒదులైంది, జర సూడుండ్రి" అనేదాన్ని. ఆయన పట్టించుకోనట్టే ఉండేవాడు. రెండోసారి, మూడోసారి చెప్తే లేచి వెళ్లి బిగించేవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చున్నవాళ్లతో మాత్రం, "నా సాంచెకు రోగం రాకముందే నాకు ఎరుకైతది" అని చెప్పుకునేవాడు. లోపల అన్నం వారుస్తూ నేనది వినేదాన్ని. మంచి చెవులతో వచ్చే కష్టం ఇదే, అన్నీ వినబడతాయి.

పన్నెండేళ్ల కాపురంలో ఆయన నన్ను ఎక్కువగా అన్నమాట ఒకటే. "నోట్లనోట్ల ఏం గొణుగుతవే, సక్కగ చెప్పరాదు?" సరే కదా అని గొంతు పెంచితే అటునుంచి అత్త అందుకునేది. "ఆడిదాని గొంతు గడప దాటుతాంది, వాడకట్టు మొత్తం ఇంటాంది." ఆయనకు వినబడేంత, వీధికి వినబడనంత. కూరలో ఉప్పు చూసుకున్నట్టు రోజూ గొంతు చూసుకునేదాన్ని. ఎప్పుడూ ఒకరికి ఎక్కువయ్యేది, ఇంకొకరికి తక్కువయ్యేది.

ఆ ఏడు దసరాకు ఆయన టేపు రికార్డరు తెచ్చాడు. రాత్రి అన్నాలయ్యాక పాటలు పెడితే పక్క వీధి కుక్కలు లేచి మొరిగేవి. పాటలంటే అంత ఇష్టం కాబోలు అనుకున్నాను. అంతకుమించి ఆలోచించే తీరిక అప్పుడు లేదు.

చిలుకమ్మ సంగతి చెప్పాలి. మా వెనక వీధిలో ఉండేది, నాకంటే పదేళ్లు పెద్ద. పాట ఎత్తుకుందంటే రోకళ్లు కూడా ఆమె మాట వింటాయి. ఆమె కూతురి పెళ్లికి పసుపు కొట్టిన రోజు మేం పదకొండు మందిమి పాడాం. పసుపు కొట్టేప్పుడు ఆడవాళ్ల గొంతు ఎంత లేచినా ఎవరూ ఏమీ అనరు, అది శుభం. ఆ ఒక్క పూట వీధి చివరిదాకా వినబడినా పరవాలేదు. మగపెళ్లివాళ్లలో ఎవరో ఆ పాటలన్నీ రికార్డు చేశారట. చిలుకమ్మ ఆ కేసెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. వాళ్లింట్లో టేపు లేదు. "అనసూర్యా, నువ్వు మొత్తం ఇని చెప్పు, నా పాట ఎట్లున్నదో. మధ్యల దమ్మందక ఆగిపోయిన, అది తెలుస్తాందో లేదో" అంది.

ఆమె అడిగింది అంతే. నేనది చెప్పలేకపోయాను. బొత్తాం నొక్కి కూర్చోగానే అత్త పిలుపు, "అనసూర్యా, మంచినీళ్లు". మళ్లీ నొక్కితే "అనసూర్యా, మేక పందిట్లకొచ్చింది". ఇంకోసారి "అనసూర్యా, ఆ లొల్లి బంజెయ్యి, పాణం మంచిగ లేదు". నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడినప్పుడల్లా చిలుకమ్మ అడిగేది, "ఇన్నవా?" అని. "సగమిన్న" అనేదాన్ని. సగం కూడా కాదు. మొదటి పాటలో రెండు చరణాలు. నెలరోజులు గడిచినా అవే రెండు చరణాలు.

అందుకే ఒకనాడు అన్నం వడ్డిస్తూ అడిగాను, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు కొనిపెట్టమని. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. ఆ ఆలోచన నాకు తెలుస్తూనే ఉంది. "సరే తియ్యి. అవి పెట్టుకొని కండెలు చుట్టుకో. చేతులైతే ఖాళీగ ఉండయి కద" అన్నాడు. అత్త అన్న మాట, మొదట చెప్పానే, అది మర్నాటిది.

మట్టెవాడలో సుందర్ రావు రేడియో షాపు ఉండేది. నెమ్మదైన మనిషి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నం షాపు తీసేవాడు. పిన్ను సరిపోతుందో లేదో చూడాలంటే టేపు తీసుకురావాలని ముందే చెప్పి పంపాడు. రిక్షాలో మా ఆయన పక్కన కూర్చుని, తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని నేనే తీసుకెళ్లాను. కేసెట్టు రవికలో దాచుకున్నాను.

సుందర్ రావు రెండు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి సన్నటి ఇనుప పట్టీ, రెండు కొసలకూ స్పంజి బిళ్లలు. పట్టుకుంటే పిట్టంత బరువు లేదు. రెండోది నల్లగా, మొద్దుగా ఉంది. మెత్తటి రెగ్జిను గిన్నెలు చెవులను మొత్తం మూసేస్తాయి. తెరిచిన రకం, మూసిన రకం అని ఇప్పటి పిల్లలు చెప్పుకుంటుంటే వింటాను. అప్పుడు నాకా పేర్లు తెలియవు. ఒకటి చెవి మీద కూర్చుంటుంది, ఒకటి చెవికి తలుపు వేస్తుంది, అంతే నాకు తెలిసింది.

అతను ఏదో సినిమా పాట పెట్టబోతుంటే వద్దన్నాను. కొత్త పాటలో ఏం దాగిందో నాకెలా తెలుస్తుంది? నా కేసెట్టు పెట్టమన్నాను. అందులో ఉన్న పదకొండు మందినీ నేనెరుగుదును, ఎవరు తప్పిపోయినా చెప్పగలను. సుందర్ రావు నావైపు ఒకసారి చూసి, "మంచి మాట చెప్పినవ్ వదినా, చానమంది కొనేటోళ్లకు ఇది తెల్వది" అన్నాడు.

ముందు పరీక్ష మా ఆయనదే, అది వేరే చెప్పాలా. నల్లవి తల మీద పెట్టుకుని, "మస్తు మోగుతాంది" అని అరిచాడు. బయట సోడా తాగేవాళ్లు తొంగిచూశారు. తర్వాత అవి నా చెవులకు వచ్చాయి. రోకళ్ల దెబ్బలు, గాజులు, చిలుకమ్మ గొంతు. కానీ అన్నీ కుడి చెవిలోనే. ఎడమ చెవిలో చీకటి.

"ఒక్క దిక్కే మోగుతాంది" అన్నాను.

"రెండు దిక్కుల మంచిగ మోగుతాంది. నీ చెవులల్ల గుబిలున్నట్టుంది" అన్నాడు ఆయన.

సుందర్ రావు తను పెట్టుకుని చూశాడు. "వదిన చెప్పిందే నిజమన్నా" అన్నాడు. మా టేపు ఒంటి గొంతుదట, ఈ చెవులవేమో రెండు గొంతులు పట్టేవట. నేరుగా కలిపితే ఒక పక్కే పలుకుతుందట, మధ్యలో ఒక చిన్న పిన్ను వేసి జతచేయాలట. సొరుగులో వెతికి పిన్ను తీసి వేశాడు. ఇప్పుడు రెండు చెవుల్లోనూ రోకళ్లు పడ్డాయి. మా ఆయన మళ్లీ పెట్టుకున్నాడు. "ఇందాక ఎట్లుందో ఇప్పుడు గూడ గట్లనే ఉంది" అన్నాడు.

రాట్నం తిప్పే చేతికి దారం ఎక్కడ సన్నబడిందో తెలిసిపోతుంది. అట్లా తెలిసింది నాకు. మధ్యలో వేసిన పిన్ను పీకమని సుందర్ రావుకు సైగ చేశాను. పీకి మళ్లీ నేరుగా కలిపాడు. మా ఆయన తలమీది నుంచి వాటిని తీసి, అటుదిటు తిప్పి, మోగే పక్కను ఆయన ఎడమ చెవికి పెట్టాను. పాట నడుస్తోంది. ఆ గిన్నె సందులోంచి నాకే సన్నగా వినబడుతోంది.

ఆయన కాసేపు చూసి, "పెట్టు మరి" అన్నాడు.

"పెట్టిన" అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు, సుందర్ రావు ముఖం చూశాడు, తిరుగుతున్న కేసెట్టును చూశాడు. తర్వాత మెల్లగా వాటిని తీసి బల్ల మీద పెట్టాడు.

షెడ్డులో మోటార్లు ఆయనకు ఎడమ పక్క ఉంటాయి, ఆ చెవిని అవే తినేశాయి. పెళ్లి పీటల మీద నన్ను కూడా ఎడమ పక్కనే కూర్చోబెట్టారు. పెళ్లానిది ఎడమ పక్క అన్నారు. అప్పటినుంచి నోముకైనా, నడకకైనా, పడకకైనా అదే నా పక్క. పన్నెండేళ్లు నేను మాట్లాడింది మూసిన తలుపుతో. గొణిగింది నేను కాదు. పట్టా వదులైందని మూడుసార్లు ఎందుకు చెప్పాల్సి వచ్చేదో, ఇంట్లో టేపు ఎందుకంత అరిచేదో, అన్నీ ఒక్కసారిగా సర్దుకున్నాయి. ముందు కోపమొచ్చింది, నా గొంతును నేనే ఎంత తిట్టుకున్నానో తలుచుకుని. వెనకనే జాలి వచ్చింది. ఆ జాలి నాకు బాగా తెలుసు. అది వచ్చినప్పుడల్లా నాకు కావాల్సింది అక్కడే వదిలేసి ఉత్త చేతులతో ఇంటికి వెళ్లేదాన్ని. ఈసారి జాలిని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బల్లను పట్టుకున్నాను.

కాసేపటికి ఆయన తేరుకున్నాడు. స్పంజి బిళ్లలవి ముందుకు జరిపాడు. "ఇవి తీసుకుందాం. వీటిల బయటి సప్పుడు గూడ ఇనొస్తది. అమ్మ పిలిస్తే పలకాలె కద" అన్నాడు.

అవీ పెట్టుకుని చూశాను. న్యాయంగా చెప్పాలి, చెడ్డవేం కావు. కానీ పదకొండు మందీ ఒక ముద్దయిపోయారు. మధ్యలో రిక్షా గంటలు, సోడా బండివాడి కేక, మా ఆయన దగ్గు. నల్లవి పెట్టుకుంటే పడుగులో పోగుల్లా ఒక్కో గొంతూ విడివిడిగా వచ్చింది. మట్టెవాడ మాయమైంది.

"నాకు ఇవి గావాలె" అన్నాను, నల్లవాటి మీద చెయ్యి వేసి.

"అవి పెట్టుకుంటే పిలిస్తే ఎట్ల ఇనబడ్తదే?"

"ఇనబడదు. అందుకే." నేను ఆయన కుడిపక్కకు వచ్చి నిలబడ్డాను. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "పొద్దు లేచిన కాన్నుంచి నా చెవులు మీ సాంచెలకాడ్నే ఉంటయి. అత్త పిలుపుకాడ ఉంటయి. ఒక్క గంట నాకాడ ఉండనియ్యిండ్రి."

సుందర్ రావు ఏదో స్క్రూ బిగించడంలో మునిగిపోయాడు. మా ఆయన నల్లవాటిని చేతిలోకి తీసుకున్నాడు. మొదటిసారి నా మాట ఒక్కసారికే వినబడింది ఆయనకు, అది ముఖంలో తెలుస్తూనే ఉంది. "కట్టియ్యి సుందర్ రావ్, ఆ చిన్న పిన్ను గూడ" అన్నాడు. తర్వాత నాతో, మెల్లగా, "ఇంటికాడ చెప్పకు" అన్నాడు. చెప్పనన్నాను. దానికీ దీనికీ నేను ముడి పెట్టలేదు. ఆయన చెవి సంగతి దాచడం ఆయన కోసం. నల్లవి కొనడం నా కోసం.

రిక్షా దిగి వీధిలో నడిచేప్పుడు కుడిపక్కకు మారాను. చూసినవాళ్లు చూశారు. "ఏందే, అటొచ్చినవ్?" అన్నాడు. "ఇకనుంచి ఇటే" అన్నాను. తర్వాతి వారం నేనే దవాఖానకు తీసుకెళ్లాను. కుడి చెవిలోనన్నా దూది పెట్టుకుని నెయ్యమన్నాడు డాక్టరు. దూది నేను ఇచ్చేదాన్ని, నాకూ పెట్టుకునేదాన్ని.

నల్లవి కొన్న రోజు సాయంత్రమే కరెంటు పోయింది. సాంచెలు నాలుగూ ఆగాయి. టేపులో సెల్లులున్నాయి. లోపలి అర్రలో మంచం మీద గోడకానుకుని కూర్చున్నాను. తలుపు వెయ్యలేదు. నేనేమన్నా దొంగతనం చేస్తున్నానా, తలుపు వేసుకోవడానికి. నల్లవి చెవులకు పెట్టుకుని బొత్తాం నొక్కాను.

రెండు చరణాలు దాటాయి. మూడోది వచ్చింది, అక్కడికి నేనెప్పుడూ రాలేదు. గుమ్మంలో అత్త కనబడింది, ఆమె నోరు కదులుతోంది. వెనక మా ఆయన వచ్చి నిలబడ్డాడు. ఆయన అత్త భుజం మీద చెయ్యి వేసి అవతలికి తీసుకెళ్తుంటే చూసి, కళ్లు మూసుకున్నాను. నాలుగో పాటలో చిలుకమ్మకు దమ్మందలేదు. చెప్పిన చోటే. రోకళ్లు మాత్రం పడుతున్నాయి. పాట పడిపోతుందేమో అనుకునేలోపు ఒక గొంతు దాన్ని అందుకుంది. కొంచెం గరుకుగా, బెదురు లేకుండా, వీధి చివరిదాకా వెళ్లే గొంతు. ఎవరిదబ్బా అనుకున్నాను. యాకమ్మది కాదు, శకుంతలది కాదు. పదకొండు మందినీ ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంటూ వచ్చాను. పదిమంది తేలారు. మిగిలింది నేనే.

మర్నాడు నల్లా దగ్గర చిలుకమ్మ బిందె దించి, "ఇన్నవా?" అంది.

"ఇన్న. ఆఖరిదాక. నువ్వు ఆగిన కాడ పాట ఆగలే చిలుకమ్మక్కా, నేనెత్తుకున్న" అన్నాను. ఆమె నవ్వింది. నీళ్లకు వచ్చినవాళ్లందరూ మావైపు తిరిగారు. నా గొంతు ఎంతదూరం వెళ్లిందో నేను చూసుకోలేదు.

కరెంటు పోయిన ఆ సాయంత్రం మా అత్త గుమ్మంలో నిలబడి నన్ను ఎన్నిసార్లు పిలిచిందో, దేనికి పిలిచిందో, నాకు ఇప్పటికీ తెలియదు.