ఈదులగుట్ట మీద కొమ్మకొట్టుడు

మల్లక్కను కాంట్రాక్టర్ మనుషులు గుట్ట కింద మట్టిరోడ్డు మీద కూలదోశారు. చేతులు వెనక్కి విరిచి, ఆమె కొంగుతోనే ముడేశారు. ఆమె గొడ్డలి కాంట్రాక్టర్ రాజ్‌కుమార్ జీపు బానెట్ మీద ఉంది. అరవై దాటిన ఆ ముసలిది చేసిన నేరమల్లా ఈదులగుట్ట మీద తునికి పొదలు కొట్టడం. గొల్లపల్లి చుట్టుపక్కల ఊళ్లలో మాఘం పోగానే తాతల నాటి నుంచీ చేస్తున్న పనే అది. పాత కొమ్మను నేల దాకా కొడితేనే ఎండలు ముదిరే వేళకు లేతాకు వస్తుంది. ఆ లేతాకే బీడీకి మడత పడుతుంది. ఈ పక్షం దాటిపోతే ఆకు రాదు. ఆకు రాకపోతే భూమి లేని మల్లక్క వాడకు ఎండాకాలం గింజ లేదు.

అదే వాడ పుష్ప వచ్చేసరికి సగం ఊరు అక్కడే నిలబడి ఉంది. ఒక్కరూ ముందుకు రావడం లేదు. ఆమెకు ఒళ్లు మండింది. నేరుగా పోయి కొంగు ముడి విప్పింది.

రాజ్‌కుమార్ అరవలేదు, నవ్వాడు. "గుట్ట మీది చెట్లకు రంగెవరేసిండ్రు పుష్పా? మీరే గద. ఇవి కంపెనీ చెట్లని మీ చేతులతోనే గుర్తువెట్టి, ఇప్పుడు కొడ్తమంటే ఎట్ల?"

ఆ మాటకే ఊరు తల దించుకుంది. నిరుడు వానాకాలం పట్నం నుంచి కంపెనీవాళ్లు వచ్చి గుట్టను కాపాడతామన్నారు. చెట్టు చెట్టుకూ పచ్చరంగు పట్టీ వేయమని కూలికి పిలిచారు. ఆడవాళ్లంతా పాటలు పాడుకుంటూ వేశారు. చంటిబిడ్డకు దిష్టిచుక్క పెట్టినంత ముద్దుగా వేశారు. అందరినీ పోగుచేసి తీసుకెళ్లింది పుష్పే. పని అయిపోయాక కంచె పడింది, గేటుకు తాళం పడింది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

ఆ సాయంత్రం వాడలో చర్చి ముందు మీటింగు పెట్టారు. కంపెనీ తరఫున శేఖర్ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. మర్యాదగానే చెప్పాడు. చెట్లు గాలిలోని పొగను పీల్చుకుని మానులో, మట్టిలో దాచుకుంటాయట. ఎక్కడో పొగ వదిలే ఫ్యాక్టరీలు ఆ దాచినదాన్ని కంపెనీ దగ్గర కొంటాయట. కొమ్మ కొడితే దాచింది తగ్గుతుందట. పొలాలూ అంతేనట, దున్నకం తగ్గిస్తే మట్టికీ ధర కడతారట. పదెకరాల ఆసామి నర్సింగం అప్పటికే తన పొలం కంపెనీకి రాసిచ్చి ఉన్నాడు గనక తెగ తలాడించాడు.

పుష్ప లేచింది. "ఆ ఫ్యాక్టరీలు పొగ బంద్ వెడ్తయా సార్?"

బంద్ పెట్టవు, డబ్బు కడతాయి అన్నాడు శేఖర్.

"అంటే వాళ్లు పొగ ఇడుస్తనే ఉంటరు. మల్లక్క మాత్రం కొమ్మ కొట్టొద్దు."

శేఖర్ ఫోనులోకి తల దూర్చాడు. నర్సింగం అందుకుని, తొందరపడొద్దన్నాడు, పైకి దరఖాస్తు పెడదామన్నాడు, కేసులైతే పిల్లల బతుకులు పాడవుతాయని భయపెట్టాడు. కొందరు ఔనన్నారు. అప్పుడు మసీదు గల్లీ తాహెరాబీ ముందుకొచ్చింది. కోరుట్ల కార్ఖానాకు బీడీలు చుడుతూ నడుము వంగిన మనిషి. దరఖాస్తు కదిలేలోపు అదను దాటుతుందని, అదను దాటినాక గెలిచి ఏం లాభమని అడిగింది.

"నీకేంది చాచీ, నీడకు కూసొని చుడ్తవు. ఎండల తిరిగేది మేము," అని వాడలో ఒకామె దెప్పింది. ఆ కోపం పాతదే. ఆకు ఏరేవాళ్లకూ బీడీ చుట్టేవాళ్లకూ మధ్య అది పెరుగుతుంటే కార్ఖానాలవాళ్లు హాయిగా బతికారు.

"కార్ఖానోడు ఆకు తక్కువిస్తే మా పైసలతోని మేమే కొని చుడ్తున్నం బిడ్డా," అంది తాహెరాబీ. "మీ గుట్ట పోతే మా బీడీల చాట గూడ పోతది. రేపు మా గల్లీ ఆడోళ్లందరం వస్తం. కొట్టుడు మాకు రాదు, నేర్పుండ్రి."

పుష్ప వచ్చి తాహెరాబీ పక్కన నిలబడింది. "ఇన్నొద్దులు ఒక్కొక్కలం దొంగల లెక్క పోయినం. అందుకే దొంగలన్నరు," అంది. "రేపు అందరం పోదాం. పట్టపగలు పోదాం."

తెల్లారగానే ఊరు గుట్టెక్కింది. గేటు తాళం ఎవరు పగలగొట్టారో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. మల్లక్క ముందు నడిచి, గొడ్డలి ఎట్లా వాలుగా పట్టాలో, వేరును ఎట్లా వదిలేయాలో మసీదు గల్లీ ఆడవాళ్లకు చూపించింది. చేతులు బొబ్బలెక్కినా ఎవరూ దిగలేదు. పోలీసులు వచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది, గుట్ట మీద కొట్టని తునికి పొద లేదు. నాయకులెవరని ఎస్సై అడిగితే ఊరంతా చేతులెత్తింది. చివరికి పుష్పను, మల్లక్కను, తాహెరాబీని జీపెక్కించారు. జనం జీపు ముందు బైఠాయించారు. భయం పోయిందని కాదు, కొట్టిన కొమ్మను ఏ కేసూ అతికించలేదని అందరికీ తెలుసు.

జీపులో పుష్ప ఫోను మోగింది. గంభీరావుపేట దిక్కు నుంచి ఎవరో ఆడమనిషి. వాట్సాప్‌లో వీడియో చూసిందట. "మా గుట్టకు గూడ రంగేసిండ్రక్కా. మీకు మద్దతుగ మేం రావాల్నా?"

"మీరు గిటు రావద్దు చెల్లే," అంది పుష్ప. "మీ గుట్టెక్కుండ్రి."

ఎస్సై ఫోను గుంజుకున్నాడు. అవతల లైను కట్ కాలేదు. గొడ్డళ్లు నూరుకొమ్మని అక్కడెవరో కేకేస్తున్నారు. జీపులో అందరికీ వినబడింది.