తోటను మింగిన మీసం

కెప్టెన్ టార్బెల్ పేరెత్తితే హాస్కెట్‌కి ఇప్పటికీ తిన్నది అరగదు. తన తోటను మింగింది ఆ మనిషి మీసమేనని ఎవరు దొరికితే వాళ్ళకి చెబుతాడు.

యుద్ధం రోజులవి. హాస్కెట్ అమెరికా నౌకాదళపు సరుకు ఓడలో చుక్కాని పట్టేవాడు. ఆరెగన్‌లో హుడ్ నది పక్కన పియర్ తోట ఒకటి బేరమాడి, బయానా ఇచ్చి, మిగతాది నెలనెలా జీతంలోంచి కడుతున్నాడు. చొక్కా చేతి మీద హోదా చారలున్నంత కాలమే ఆ జీతం. చారలు ఊడితే తోటా ఊడినట్టే.

ఓడ దక్షిణ దీవుల్లోని సైన్యానికి బంగాళాదుంపలు మోసుకెళుతోంది. భూమధ్యరేఖ దగ్గరపడినప్పుడల్లా టార్బెల్‌కి ఏదో ఒక గండం కనిపించేది. మొదటిసారి జలాంతర్గామి అన్నాడు. ఓడ వెనక్కి తిప్పాక చూస్తే తిమింగలం, అదీ ముసలిది. రెండోసారి దిక్సూచి మీద నమ్మకం పోయిందన్నాడు. దుంపలకు మొలకలొచ్చాయి గానీ ఓడ రేఖ దాటలేదు.

అసలు సంగతి వంటవాడికి కూడా తెలుసు. రేఖను మొదటిసారి దాటేవాడు, కెప్టెనైనా సరే, అంతకుముందు దాటినవాళ్ళ చేత గుండు గీయించుకోవాలి, మీసముంటే అదీ పోవాలి. నావికుల ఆచారమది. టార్బెల్ ఎన్నడూ దాటలేదు. పైగా ఆయనకు మైనం పెట్టి మెలితిప్పిన మీసం.

మూడోసారి ఓడ తిప్పమన్నప్పుడు, ఓడలో కెప్టెన్ తర్వాతి అధికారి లెఫ్టినెంట్ కార్లిస్ అడ్డుపడ్డాడు.

“అయ్యా, మీకు ఒంట్లో బాగాలేదు. ఇక ఓడ నేను చూసుకుంటా. హాస్కెట్, దక్షిణానికే పోనీ!”

హాస్కెట్ పోనిచ్చాడు. రేఖ దాటగానే మంగలి వేషమూ తనే కట్టాడు. నలుగురు పట్టుకుంటే, పెయింటు కుంచెతో నురగ పూసి టార్బెల్ తలా మీసమూ నున్నగా చేశాడు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో సైనిక న్యాయస్థానం కూర్చుంది. కార్లిస్, హాస్కెట్‌ల మీద తిరుగుబాటు నేరం. పెద్ద కుర్చీలో ఒక ముసలి అడ్మిరల్.

“నేను భయపడటమా! గండాలు కనబడ్డాయి కాబట్టి తిప్పాను!” అని గర్జించాడు టార్బెల్.

కార్లిస్ వకీలు ఆ కుంచె తీసి బల్ల మీద పెట్టాడు. టార్బెల్ రెండు చేతులూ మూతికి అడ్డం పెట్టుకుని, కుర్చీతో సహా కిటికీ దాకా జరిగిపోయాడు.

“ఈయన చేతికి నేను తెడ్డు కూడా ఇవ్వను,” అన్నాడు అడ్మిరల్, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ. తిరుగుబాటు నేరం కొట్టేశాడు. హాస్కెట్ మనసులో తోట చుట్టూ కంచె కూడా వేసేసుకున్నాడు.

“ఏవోయ్ మంగలీ,” అని అతన్ని పిలిచాడు అడ్మిరల్, “నువ్వు ఏ ఓడ మీద దాటావు? నీ కార్డు ఇటు తే, చూసి ముచ్చటపడతాం.”

రేఖ దాటిన ప్రతివాడికీ ఆ కార్డు ఇస్తారు, చచ్చేదాకా జేబులో పెట్టుకుంటారు. హాస్కెట్ జేబులన్నీ తడుముకున్నాడు. లేనిది ఎక్కడ దొరుకుతుంది? తన గుండు తప్పించుకోవడానికి ‘నేనెప్పుడో దాటా’నని ఓడెక్కిన రోజునే అబద్ధమాడాడు మరి.

“అది... తడిసిపోయింది సార్.”

“ఓడ కూడా తడిసిపోయిందా? దాని పేరు చెప్పు.”

హాస్కెట్ మళ్ళీ జేబులు తడుముకున్నాడు. అడ్మిరల్ నవ్వు ఆగిపోయింది.

“దాటినవాడు గీస్తే ఆచారం. దాటనివాడు గీస్తే పైఅధికారి మీద చెయ్యి చేసుకోవడం.”

“ఆయన భయమే నాదీ సార్!”

“అయితే ఆయనకు ఓడ వద్దు, నీకు చారలు వద్దు.”

టార్బెల్‌ని పూర్తి జీతంతో ఒడ్డున కుర్చీలో కూర్చోబెట్టారు. మీసం మళ్ళీ ఏపుగా పెరిగిందట. హాస్కెట్ మాత్రం డెక్కు కడిగే జీతంతో వాయిదాలు కట్టలేకపోయాడు. పోయింది హుడ్ నది పక్కన కాపుకొచ్చిన పియర్ తోట, పదకొండున్నర ఎకరాలు. దాంతోపాటు బయానా, ఆరు వందల నలభై డాలర్లు.