చిటికెన వేలి వైపు

పదిహేను రోజులుగా పొద్దున్నే ఏడింటికి నేను టీ వడకట్టే జల్లెడ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది ఒకటే. మా ఆయన వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోవడం. పెళ్లయి నలభై రోజులు. ఈ ఇంట్లో నాకింకా అన్నీ ముద్దుగానే ఉన్నాయి. ఒకే గ్లాసులో ఆనుకుని నిలబడ్డ మా రెండు బ్రష్షులు, స్నానం చేసొచ్చి అద్దం మీది ఆవిరిలో అతను గీసే పిచ్చి బొమ్మలు, ఆరేస్తుంటే నా భుజం మీద పడే అతని చొక్కాల తడి చేతులు. ఆ కుర్చీ ఒక్కటే నచ్చదు. అత్తయ్యకి యాంజియోగ్రామ్ చేశారు, కుడి మణికట్టు దగ్గరి రక్తనాళంలోంచి గుండె దాకా సన్నటి గొట్టం పంపి. అప్పటినుంచి ఆవిడ పక్కకి ఆ కుర్చీ లాక్కుని, మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి, పది నిమిషాలు కదలడు. నా చెయ్యి రోడ్డు దాటేటప్పుడు పట్టుకుంటాడు. అవతలికి చేరగానే వదిలేస్తాడు.

"మా తమ్ముడు బంగారం. అమ్మ నాడి చూడందే ఆఫీసుకి వెళ్లడట!" అంటుంది ఆడపడుచు ఫోన్లో. అత్తయ్య వేలు గుచ్చి షుగర్ చూసేది, వారానికి సరిపడా మాత్రలు సర్దేది, చప్పటి వంట వేరే వండిపెట్టి ఆఫీసుకి పరిగెత్తేది నేను. నన్ను బంగారం అని ఎవరూ అనలేదు. కనీసం ఇత్తడని కూడా.

పైగా నాకొకటి తెలుసు. డిశ్చార్జి రోజు, ఆయన ఫోన్లో ఉంటే, నర్సు నాకు చెప్పింది. "షుగర్ ఉన్నవాళ్లకి ఈ నాళం మూసుకుపోయే భయం ఎక్కువమ్మా. ఊరికే నాడి చూస్తే తెలీదు. మణికట్టులోనే చిటికెన వేలి వైపు ఇంకో నాళం ఉంటుంది. దాని రక్తమే అరచేతిలోంచి తిరిగొచ్చి ఇక్కడ కూడా కొట్టుకుంటుంది. ఆ వైపు గట్టిగా నొక్కిపెట్టి, అప్పుడు చూడాలి." ఇంటికొచ్చి చెప్పబోతే, "నాకు తెలుసులే, నువ్వేమన్నా డాక్టరువా?" అని నవ్వాడు. అలిగాను. మళ్లీ చెప్పలేదు. చెప్పాల్సింది. వచ్చే సోమవారం స్టెంటు కూడా ఆ చేతిలోంచే వేయాలన్నారు. కానీ కుళ్లు కదా, ఆ తల్లీ కొడుకులే చూసుకోనీ అనుకున్నాను.

నిన్న అతను లేవడం ఆలస్యమైంది. కుర్చీ ఖాళీ. అందులో అంత ఏముందో చూద్దామని కూర్చుని అత్తయ్య చెయ్యి తీసుకున్నాను. నేను రోజూ గుచ్చే వేళ్ల చివర్లు గరుగ్గా ఉన్నాయి. నాడి చక్కగా తగిలింది. చిటికెన వేలి వైపు నొక్కాను. నాడి పోయింది. వదిలితే వచ్చింది. మళ్లీ నొక్కాను. పోయింది.

అత్తయ్య నా మొహం చూసింది. "వారం నుంచి బొటనవేలు తిమ్మిరిగా ఉంటోందమ్మా. కత్తి పట్టుకుంటే లాగుతోంది."

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"చెబితే ఇక ఆసుపత్రి వాళ్లే చూసుకుంటారు. వాడు నా పక్కన కూర్చోడు. మీ పెళ్లయ్యాక నాకు దొరికింది ఈ పది నిమిషాలే. మిగతా రోజంతా నీవాడేగా!"

రోజంతా! నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నేనంటే కుళ్లా మీకు?"

"లేకేం? నీకు లేదూ?"

అప్పుడే మా ఆయన వచ్చాడు. నేను లేవలేదు. అతనే వంగి వాళ్లమ్మ మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టాడు, రెండో చేతిలో ఫోన్ చూసుకుంటూనే. "సూపర్ అమ్మా, గుర్రంలా పరిగెడుతోంది. సోమవారం భయం లేదు."

ఫోన్ లాగి పక్కన పెట్టాను. ఖాళీ అయిన ఆ చేతి బొటనవేలు పట్టుకుని ఆవిడ మణికట్టుని చిటికెన వేలి వైపు నొక్కించాను.

"ఏంటిది? ఆగిపోయిందేంటి?"

"ఇది ఎప్పుడో ఆగిపోయింది. ఇన్నాళ్లూ మీరు మెచ్చుకున్నది పక్కదాని కష్టాన్ని."

సాయంత్రం స్కానింగ్ చేసి, మూసుకుపోయిందనే చెప్పారు. చేతికి ప్రమాదం లేదట. మందు రాశారు. స్టెంటు ఎడమ చేతిలోంచి వేస్తారు. రోజూ ఇలాగే నొక్కి చూస్తూ ఉండమన్నారు.

ఈరోజు ఏడింటికి అతను వచ్చేసరికి కుర్చీలో నేనున్నాను.

"లే, నేను చూస్తాను."

"నువ్వు టీ పెట్టు. ఒకటి చక్కెర లేకుండా."

అత్తయ్య ముందు అతన్ని 'నువ్వు' అనడం ఇదే మొదటిసారి. ఆవిడ విననట్టే ఉంది కానీ, నా చేతిలో ఆవిడ వేళ్లు నవ్వుకి కదిలాయి.

కాసేపటికి తలెత్తితే, టీ వడకట్టే జల్లెడ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. పదిహేను రోజులు అక్కడే నిలబడి నేను చూసిన చూపే.

"పొంగుతోంది, చూసుకో," అన్నాను. చెయ్యి వదల్లేదు.