చీనీ చెట్ల బెరడు

జమ్మలమడుగు నుంచి పులివెందుల పోయే దారిలో ఒక ఊరుంది. అక్కడి హైస్కూల్లో చివరి గంట కొట్టినా కొందరు పిల్లలు ఇళ్లకు పోరు. ప్రొద్దుటూరు నుంచి వచ్చే సైన్సు టీచరు హేమలత వెంట వంక గట్టుకు పోతారు. ఆ గట్టు మీది తుమ్మచెట్టుకు గిజిగాళ్ల గూళ్లు వేలాడుతుంటాయి. పిల్లలు పిట్టలను చూస్తారు, ఆకులను గుర్తుపడతారు, నోటికొచ్చిన ప్రశ్నలన్నీ అడుగుతారు. మార్కులు లేని ఆ చదువంటే తొమ్మిదో తరగతి ఫర్హానాకు ప్రాణం. నాయన నాసిర్ కువైట్‌లో డ్రైవరు. ఏ గూట్లో గుడ్లు పగిలి పిల్లలొచ్చాయో, ఏ మగపిట్ట అల్లిన గూడు ఆడపిట్టకు నచ్చలేదో రోజూ ఆయనకు ఫోన్లో చెబుతుంది.

ఒక సాయంత్రం హేమలత పచ్చికొమ్మ ఒకటి చెక్కి చూపించింది. "ఆకు వండిన తిండి ఈ బెరడులోనుంచే వేరుకు పోతాది. మాను చుట్టూ ఉంగరం మాదిరి బెరడు తీస్తే వేరు ఆకలితో చస్తాది. మెల్లగా చెట్టూ పోతాది. మేకలు బెరడు గీకుతాంటే తరమండి."

మరునాడు పిల్లలు పోయేసరికి తుమ్మచెట్టు లేదు. గట్టు పక్కనే ఆదినారాయణ తోటలున్నాయి. అరటిగెలల లారీకి దారి కావాలని ఆయన జేసీబీతో చెట్టును తోయించాడు. గూళ్లు మట్టిలో పడున్నాయి. కళ్లు తెరవని పిట్టపిల్లలకు చీమలు పట్టాయి.

"ఎందుకు కొట్టించినావు తాతా? గూళ్లలో పిల్లలుండె కదా!" అంది ఫర్హానా.

"ముండ్ల చెట్టుకు ఇంత ఏడుపేంది మే? పిట్టలకు పట్టా రాసిచ్చినారా ఏంది?" అన్నాడు ఆదినారాయణ. పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు.

ఆ నవ్వును ఫర్హానా మరిచిపోలేదు.

చీనీని బయటివాళ్లు బత్తాయి అంటారు. మా సీమలో పగ పట్టినవాడి చీనీ తోట నరకడం పాత అలవాటు. ఫలానావాడి తోట రాత్రికి రాత్రి పడగొట్టామని టీ అంగడి దగ్గర పెద్దలు మీసం దువ్వి చెప్పుకుంటారు. పిల్లలు పక్కనే నిలబడి వింటారు. ఫర్హానా కూడా అలా విన్నదే.

గొడ్డలి ఎత్తే బలం ఆ పిల్లకు లేదు. మేడమ్ చెప్పిన పాఠం ఉంది. సాయంత్రం ఇంటికి పోతూ ఆదినారాయణ చీనీ తోటలో దూరేది. తల్లి షంషాద్ కూరగాయలు తరిగే కత్తితో మొదళ్ల చుట్టూ బెరడు తీసి, గడ్డి కప్పేది. "నీవి కూడా చావాల" అని గొణుక్కుంటూ తీసేది. భయం వేయలేదు. కంటినిండా నిద్ర పట్టింది.

కొన్ని వారాలకు ఆకులు పసుపెక్కాయి. ఆదినారాయణ గడ్డి తొలగించి చూసి పళ్లు కొరికాడు.

"ఇది నాగేంద్ర పనే!"

నాగేంద్ర ఆయన దాయాది. పొలం గట్టు తగాదాలో ఒకప్పుడు ఆదినారాయణే అతని తోట నరికించాడు. మరుసటి పొద్దున ఆదినారాయణ మనుషులు గొడ్డళ్లతో ట్రాక్టర్ ఎక్కారు. అవతల నాగేంద్ర మనుషులు కొడవళ్లు పట్టుకుని, అతను మళ్లీ నాటి పెంచుకున్న తోట ముందు నిలబడ్డారు. బడికి పోతున్న ఫర్హానా ట్రాక్టర్‌కు అడ్డం పోయింది.

"యాడికి తాతా? కోసింది నాగేంద్రమామ కాదు, నేను."

"జరుగు మే, బడికి టైమయితాంది!" అని ట్రాక్టర్ మీదివాళ్లు నవ్వారు.

"వంక పక్క వరసలో ఇంకా పసుపెక్కని చెట్లుండాయి. గడ్డి ఎత్తి చూసుకోండి. అవీ కోసినా."

ఒకడు పరుగున పోయి వచ్చాడు. "నిజమేనప్పా!"

నవ్వు ఆగింది.

"ఎందుకు చేసినావే?" అన్నాడు ఆదినారాయణ.

"నువ్వు పిట్టల ఇండ్లు కూల్చినావు. వాటికి ట్రాక్టర్లు లేవు, మనుషులు లేరు. అందుకే నేనొచ్చినా. తప్పయిందని చెప్పను. కానీ నా పగకు నాగేంద్రమామ చెట్లు ఎందుకు చావాల?"

షంషాద్ పరుగున వచ్చి కూతురిని వెనక్కి లాక్కుంది. అప్పుడే బస్సు దిగిన హేమలతను చూసి ఆదినారాయణ మండిపడ్డాడు.

"రా టీచరమ్మా! నా చీనీ చెట్ల బెరడు తీసి చంపింది నీ శిష్యురాలు! ఇదేనా నువ్వు నేర్పే చదువు? ఈ పొద్దుతో నీ సాయంత్రం క్లాసు బందు!"

"పిల్ల చేసింది తప్పే. బతికే వీలున్న చెట్లకు బెరడు పోయినచోట ఈమెతోనే కొమ్మలు అంటు కట్టిస్తా, నేనూ కడతా. నా క్లాసు బందు చేయమంటే చేస్తా. మీ క్లాసు ఎప్పుడు బందు చేస్తారప్పా?"

"నాదేం క్లాసు?"

"చెట్టు ఎట్ట చస్తాదో నేను చెప్పినా, కాపాడతారని. చెట్టును చంపి పగ తీర్చుకోవాలని ఎవరు చెప్పినారు? ఇప్పుడు కూడా ట్రాక్టరెక్కి ఆ పాఠమే చెప్తాండారు!"

ఆదినారాయణ ఏదో అనబోయాడు. ఇంతలో ఆయన మనవరాలు చందన, రెండో తరగతి పిల్ల, వచ్చి ఆయన పంచె పట్టుకుని లాగింది.

"జేజినాయనా, ఫర్హానక్క వాళ్ళింటి కాడ యాపచెట్టుంది. దాన్ని నరుకుదాం పా!"

ఆదినారాయణ ఆ చిన్న ముఖంలోకి చూశాడు. అందులో తన కోపమే కనిపించింది. ట్రాక్టర్ వైపు తిరిగాడు.

"దిగండి రా" అన్నాడు.

అయ్యలారా, అమ్మలారా! చెట్టును బతికించడం మన పిల్లలకు బడి విడిచాక ఒక్క గంట నేర్పుతున్నారు. నరకడం మాత్రం రోజంతా మనమే నేర్పుతున్నాం.